మందుల యాప్‌లో ఆకుపచ్చ గుర్తును నమ్మి మాత్రలు కొనేవారికి హెచ్చరిక

మా అత్తగారికి గుండెలో లోహపు కవాటం అమర్చినప్పటి నుంచి, రక్తం గడ్డకట్టకుండా ఉండేందుకు అసెనోకుమరాల్ మాత్ర వాడుతున్నారు. ఈ మందు ఎంత పనిచేస్తున్నదో ఐఎన్ఆర్ అనే రక్తపరీక్షతో చూస్తారు. ఆవిడకు అది 2.5కూ 3.5కూ మధ్య ఉండాలని డాక్టరుగారు చెప్పారు. తగ్గితే కవాటం మీద రక్తం గడ్డకట్టే ప్రమాదం, పెరిగితే రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంటుంది కనుక, ఏ కొత్త మాత్ర వేయాలన్నా ముందుగా సరిచూసుకోవడం మా ఇంట్లో అలవాటు.

ఆ మధ్య ఆవిడకు విరేచనాలు పట్టుకుంటే, మందులు ఇంటికి పంపే ఒక యాప్ తరఫు డాక్టరు ఫోనులో రెండు మాటలు మాట్లాడి, ఆఫ్లోక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన మాత్ర రాశారు. డబ్బు కట్టే ముందు, అదే యాప్‌లో మందులు ఒకదానితో ఒకటి పడతాయో లేదో చూసే చోట రెండు బ్రాండ్ల పేర్లూ ఇస్తే, ‘ఎలాంటి ఇబ్బందీ కనబడలేదు’ అంటూ ఆకుపచ్చ గుర్తు వచ్చింది. మాత్రలు అయిపోకముందే పళ్లు తోముకునేటప్పుడు చిగుళ్ల నుంచి రక్తం రావడం మొదలైంది, బీపీ పట్టీ చుట్టిన చోట చేయి నల్లగా కమిలింది. పరీక్ష చేయిస్తే ఐఎన్ఆర్ 7 దాటింది. ఆసుపత్రిలో చేర్చి, ఆ మందుకు విరుగుడైన విటమిన్ కె ఇచ్చి అదుపులోకి తెచ్చారు.

విరేచనాలతో తిండి తగ్గినా ఐఎన్ఆర్ పెరుగుతుంది కాబట్టి నెపమంతా ఆ మాత్ర మీదే వేయను. కానీ ఆర్నిడజోల్, దాని కోవకే చెందిన మెట్రోనిడజోల్ అసెనోకుమరాల్ ప్రభావాన్ని పెంచుతాయన్నది వైద్యులకు ఎప్పటినుంచో తెలిసిన విషయం. ఆ యాప్ దీన్ని ఎందుకు పట్టుకోలేదో తరువాత తెలిసింది. బ్రాండు పేర్లు తీసేసి ఆఫ్లోక్సాసిన్, ఆర్నిడజోల్, అసెనోకుమరాల్ అని విడివిడిగా టైపు చేస్తే, అదే తెర ఎర్రబడి ‘తీవ్రమైన ప్రమాదం’ అని చూపింది. అంటే తనకు తెలియని బ్రాండును ఆ యాప్ చెప్పాపెట్టకుండా వదిలేసి, మిగిలిన ఒక్క మందునే ‘సరిచూసి’ పచ్చజెండా ఊపిందన్నమాట. పేరు దొరకలేదని ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. ఫిర్యాదు చేస్తే, ఈ సదుపాయం సమాచారం కోసం మాత్రమేనని జవాబిచ్చారు.

కాబట్టి ఇలాంటి సదుపాయాన్ని వాడేవారు స్ట్రిప్పు వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందుల పేర్లను ఒక్కొక్కటిగా ఇవ్వండి, ఇచ్చినన్ని పేర్లూ ఫలితంలో కనబడుతున్నాయో లేదో చూడండి. మెడికల్ షాపులో స్ట్రిప్పు కత్తిరించి నాలుగు మాత్రలు ఇస్తే ఆ పేర్లు అవతలి ముక్కలో ఉండిపోతాయి కనుక, బిల్లు అడిగి తీసుకోండి. యాప్‌ను నమ్మే ముందు వార్ఫరిన్ (అసెనోకుమరాల్ లాంటి మందే), ఆస్పిరిన్ అని కలిపి టైపు చేసి చూడండి. ఈ రెండూ కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. అంతటి ప్రసిద్ధమైన జంటకు కూడా హెచ్చరించకపోతే దాన్ని ఫోనులోంచి తీసేయవచ్చు. మోకాళ్ల నొప్పులకు చీటీ లేకుండా చేతిలో పెట్టే అసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్ మాత్రలు కూడా రక్తం గడ్డకట్టకుండా మందు వాడే రోగులకు రక్తస్రావం ముప్పు పెంచేవే.

తిండి సంగతి ఆ యాప్‌లో అసలు లేనే లేదు. పాలకూర, తోటకూర, మునగాకుల్లో విటమిన్ కె ఎక్కువ. అవి మానేయాలని కాదు, రోజూ తినే మోతాదు ఒక్కసారిగా పెరగకుండా, తగ్గకుండా చూసుకోవాలి. ఎవరో చెప్పారని ఉదయాన్నే మునగాకు పొడి మొదలుపెడితే మందు పని తగ్గిపోవచ్చు. థైరాయిడ్ మాత్ర వాడేవారు కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం పాటించాలన్నది కూడా ఇలాంటి యాప్‌లో కనబడకపోవచ్చు, కనుక ఫార్మసిస్టునే అడగండి.

మందు వికటించిందని అనుమానం వస్తే ముందు మీ డాక్టరుకు చెప్పండి. ఆ తరువాత ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాల మీద నిఘా) కార్యక్రమానికి 1800-180-3024 నంబరులో ఉచితంగా తెలియజేయవచ్చు. రోగి ఇంటివారు కూడా ఈ ఫిర్యాదు ఇవ్వవచ్చు. స్ట్రిప్పునూ బిల్లునూ పారేయకుండా దగ్గర పెట్టుకుని ఫోను చేయండి.