రవివర్మ ప్రెస్ పటాలు: పాత అచ్చు కొనాలా, కొత్త ప్రింటు చాలా?

రాజా రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన లిథో (రాతి అచ్చు) ప్రెస్సు నుంచి మొట్టమొదట వెలువడిన పటం శకుంతల జననం. మేనక పసిబిడ్డను చేతుల్లో పట్టుకుని చూపిస్తుంటే విశ్వామిత్రుడు మొహం తిప్పుకుని చెయ్యి అడ్డం పెడతాడు. ఆదిపర్వం చదివినవాళ్లకి ఇక్కడ చిన్న పేచీ ఉంటుంది. నన్నయ చెప్పిన కథలో మేనక బిడ్డను మాలినీ నది ఇసుకతిన్నె మీద వదిలేసి వెళ్లిపోతుంది. ఋషి చెయ్యి అడ్డం పెట్టే ఘట్టం చిత్రకారుడి కల్పన. పటానికున్న బలమంతా ఆ చేతిలోనే ఉందన్నది వేరే సంగతి.

ఈ పటాలు ఇప్పుడు రెండు రకాలుగా దొరుకుతున్నాయి. పాత సామాన్ల దుకాణాల్లో, వేలాల్లో అసలు అచ్చులు. ఆన్‌లైన్‌లో కాన్వాసు మీదో, మెరిసే కాగితం మీదో వేసి అమ్మే కొత్త ప్రింట్లు. పెయింటింగుకి నకలు అనుకుని కొంటే రెండూ నిరాశపరుస్తాయి. అచ్చుపనిగా చూస్తే మాత్రం పాతదాని ముందు కొత్తది తేలిపోతుంది. తేడా అంతా తయారీలో ఉంది.

ప్రెస్సుకి యంత్రాలు, పనివాళ్లు జర్మనీ నుంచి వచ్చారు. పద్ధతి క్రోమోలిథో, అంటే ఒక్కో రంగుకి ఒక్కో సున్నపురాయి. బొమ్మను కుడిఎడమలు తిరగేసి రాయి మీదికి ఎక్కించి, ఆ రంగు ఎక్కడెక్కడ పడాలో అక్కడ జిడ్డు సిరాతో చేత్తో చుక్కలు పెట్టాలి. గమ్ అరబిక్ అనే తుమ్మ జాతి జిగురులో కొద్దిగా నైట్రిక్ ఆమ్లం కలిపి పూస్తే జిడ్డు లేని చోట రాయి నీళ్లు పట్టి ఉంచుతుంది. తడి రాయి మీద రోలరు నడిపితే నూనె సిరా చుక్కలకే అంటుతుంది. లేత రంగులు ముందు, ముదురువి చివర. ఒక రంగు ఆరాకే ఇంకోటి. ఇలాంటి పటానికి పదీ పన్నెండు రాళ్లు పట్టడం మామూలే. చివర్న వార్నిష్, కొన్నిటికి కాన్వాసు నేతలా కనిపించే ఒత్తుడు. ఈ రెండూ ఉన్నదాన్నే ఓలియోగ్రాఫ్ అంటారు.

ఇందులో ఎక్కువగా చెడేది రంగుల పొందిక. గాలిలో తేమకి కాగితం వెంట్రుకవాసి సాగినా తర్వాతి రంగు పక్కకి జరుగుతుంది. పెదవుల దగ్గర, చీర అంచు దగ్గర చూడండి. పెదవి ఎరుపు గీత దాటి గడ్డం వైపు జారితే అది ఆ పొరపాటే. వరసలో బాగా పడిన ప్రతి, జారిన ప్రతి ఒకే ధరకి అమ్ముతుంటారు, కాబట్టి ఓపిగ్గా ఏరుకోవాలి.

అసలుదో కాదో తేల్చుకోవడానికి పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దం చాలు. మేనక బుగ్గ మీద పెట్టండి. లేత గులాబి, గోధుమ, నీలంగా ఉండే బూడిదరంగు చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. బుగ్గ వంపు వెంట దట్టమవుతూ, వెలుగు పడే చోట పలచబడుతూ పోతాయి. ఒక మనిషి కూర్చుని పెట్టిన చుక్కలని తెలిసిపోతుంది. అలా కాకుండా నాలుగే రంగుల చుక్కలు లెక్క తప్పని వరసల్లో, చిన్న వలయాలుగా కనిపిస్తే అది తర్వాతి కాలపు ఆఫ్‌సెట్ అచ్చు, యంత్రం మీద వేసేది. పిచికారీ కొట్టినట్టు అతి సన్నని తుంపరలు, బుగ్గ మీదా బండ మీదా అవే రంగులు ఉంటే ఇంక్‌జెట్.

తర్వాత చూడాల్సింది కింది అంచు. పటం పేరు, ప్రెస్సు పేరు అక్కడ ఉంటాయి. ‘1894 నాటిది సార్’ అని అమ్మేవాడు ఎంత గట్టిగా చెప్పినా, అంచు మీద కార్లా–లోణావలా (బొంబాయి–పుణె దారిలోని ఊళ్లు) అని ఉంటే అది 1894ది కాదు. ప్రెస్సు ఆ ప్రాంతంలోని మళవలికి వెళ్లింది ఆ దశాబ్దం చివర్లో. ఆ తర్వాత రవివర్మ దాన్ని ఫ్రిట్జ్ ష్లైషర్ అనే జర్మన్‌కి అమ్మేశారు. చిత్రకారుడు 1906లో పోయాక కూడా అవే బొమ్మలు అక్కడ అచ్చవుతూనే ఉన్నాయి. అవి చెడ్డవని కాదు, మొదటి ఏటి ధర వాటికి పెట్టకూడదంతే. ఫ్రేములో పట్టడం లేదని అంచు కత్తిరించేసిన పటాలు బోలెడు. అంచు లేకపోతే ఏ కాలపుదో చెప్పే ఆధారం పోయినట్టే, బేరం ఆ మేరకు తగ్గించండి.

రంగు వెలిసిన తీరు కూడా గమనించాలి. ఎండ తగిలితే ముందు పోయేది గులాబి, ఎరుపు. నీలం నిలబడుతుంది. అందుకే హాల్లో కిటికీ ఎదురుగా ఏళ్లు వేలాడిన పటంలో మొహాలు పచ్చగా పాలిపోయి, ఆకాశం మాత్రం నిక్షేపంగా ఉంటుంది. దీనికి మరమ్మతు లేదు. ఫ్రేము వెనక కొట్టిన చెక్క పలకల సందుల వెంట కాగితం మీద గోధుమరంగు చారలు పడతాయి, ఇది చాలా పటాల్లో ఉండే లోపమే. చీరలకి జరీ, చమ్కీలు అంటించి అలంకరించిన పటాలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ, వాటి జిగురుకి కాగితం తినే సిల్వర్‌ఫిష్ పురుగు చేరుతుంది. అద్దం తీసి చూపించమని అడగండి. ఒప్పుకోకపోతే వదిలేయండి.

ఇంటికి తెచ్చాక తడిగుడ్డతో తుడవద్దు. వార్నిష్ పగుళ్లలోంచి నీళ్లు దిగి రంగు లేస్తుంది. లామినేషన్, సెల్లోటేపు దగ్గరికి రానివ్వకూడదు. ఫ్రేము షాపులో ఆమ్లం లేని మౌంటు బోర్డు (పటం చుట్టూ పెట్టే అట్ట), అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం అడగండి, పటానికీ అద్దానికీ మధ్య మౌంటు మందమంత ఖాళీ ఉండాలి. అద్దం ఆనుకుంటే వానాకాలంలో వార్నిష్ దానికి అతుక్కుపోతుంది. పూజగదిలో పెట్టుకునేవాళ్లు బొట్టు అద్దం మీదే పెట్టాలి, దీపం పొగ తగలనంత దూరంలో ఉంచాలి.

ఇక కొత్త ప్రింట్లు. వీటిలో పెద్ద లోపం, వయసుకి పసుపెక్కిన వార్నిష్‌ని స్కాన్ చేసి ఆ పసుపునే అసలు రంగుగా అచ్చెయ్యడం. పైగా దాన్ని ‘ఆంటిక్ లుక్’ అని అమ్ముతారు! తెల్ల బట్ట, శంఖం, హంస ఏది చూసినా టీ మరకలా ఉంటే అదే. రెండో లోపం కొలత. పాత పటాల్లో ఎక్కువగా కనిపించే సైజు దాదాపు 20×14 అంగుళాలు. దాన్ని 18×12 ఫ్రేములోకో 24×18లోకో ఇరికించాలంటే బొమ్మ కత్తిరించాలి, లేదా సాగదీయాలి. సాగదీస్తే మొహాలు పొట్లకాయలవుతాయి. ఎ3, ఎ2 కాగితాల నిష్పత్తి పాత పటానికి చాలా దగ్గర, కాబట్టి ఆ సైజే అడగండి.

అసలు దుకాణంలో కొనక్కర్లేదు కూడా. రవివర్మ చిత్రాల మీద కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది. మంచి స్కాన్ దొరికితే సొంతంగా వేయించుకోవచ్చు. ఎ2కి అంగుళానికి 300 చుక్కల లెక్కన సుమారు 7,000×5,000 పిక్సెళ్లు ఉండాలి. అందులో సగం కొలతలున్న ఫైలైతే ఎ4తో సరిపెట్టుకోండి. నూలు కాగితం, రంగుపొడితో చేసే పిగ్మెంటు ఇంకు, మెరుపు లేని ముగింపు చెప్పండి. కాన్వాసు వద్దు. నేత గీతలు చుక్కల పనిని మింగేస్తాయి.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలకి ఇక్కడి నుంచి అసలు అచ్చు పంపాలనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. వందేళ్లు దాటిన కళావస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడాన్ని 1972 నాటి పురావస్తు చట్టం ఒప్పుకోదు. పటం అంత పాతది కాదనుకుంటే పురావస్తు శాఖ నుంచి ఆ మేరకు ధ్రువపత్రం తీసుకున్నాకే సూట్‌కేసులో పెట్టండి. అలాంటి కాగితం లేకుండా ‘కొరియర్ మేమే చూసుకుంటాం’ అనే అమ్మకందారు దగ్గర కొనకండి.