స్ట్రీమర్ మార్చాను, డాక్ మార్చలేదు: ఏళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

నా ఆడియో సిస్టమ్‌లో స్పీకర్లు, యాంప్లిఫయర్, విడిగా కొన్న డాక్ (డీఏసీ, అంటే డిజిటల్ పాటను అనలాగ్‌గా మార్చే పెట్టె) చాలా కాలంగా అవే. మార్చింది స్ట్రీమర్ ఒక్కటే. పాతది వైఫైతో మాత్రమే పనిచేసేది. కంపెనీ దాని యాప్‌కి అప్‌డేట్లు ఆపేశాక ఒక్కో మ్యూజిక్ సర్వీసూ పనిచేయడం మానేసింది. హార్డ్‌వేర్ మాత్రం నిక్షేపంగా ఉంది! అలాంటి పెట్టెను పక్కన పెట్టాల్సి రావడం నాకు చాలా బాధ కలిగించింది. అందుకే కొత్తది ఎంచుకునేటప్పుడు సౌండ్ కంటే ముందు సాఫ్ట్‌వేర్ గురించే ఆలోచించాను.

స్ట్రీమర్ అంటే ఇంటర్నెట్ నుంచో, ఇంట్లోని హార్డ్ డిస్క్ నుంచో పాట డేటాను తెచ్చి డాక్‌కి అందించే చిన్న కంప్యూటర్. ఆ అంకెల్ని అనలాగ్ సిగ్నల్‌గా మార్చి యాంప్లిఫయర్‌కి ఇచ్చేది డాక్. రెండూ ఒకే పెట్టెలో ఉండే మోడల్స్ చాలా ఉన్నాయి, చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. నేను మాత్రం వేరువేరుగా ఉంచుకోమనే చెబుతాను. కంప్యూటర్ త్వరగా పాతబడుతుంది, డాక్ అంత త్వరగా పాతబడదు. 1982లో సీడీతో వచ్చిన 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ లెక్కే (శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతనీ 16 బిట్లలో రాయడం) ఈనాటికీ ఎక్కువ పాటలకి ఆధారం. స్ట్రీమింగ్ వైపు చూస్తే, 2015లో వచ్చిన గూగుల్ చిన్న స్ట్రీమర్ క్రోమ్‌కాస్ట్ ఆడియో తయారీ 2019కల్లా ఆగిపోయింది. ఎంక్యూఏ అనే ఆడియో ఫార్మాట్ కోసం ప్రత్యేకంగా డాక్‌లు కొన్నవాళ్లున్నారు. టైడల్ అనే మ్యూజిక్ సర్వీసు 2024లో దాన్ని వదిలేసి, కుదించినా డేటా ఏమీ పోని ఫ్లాక్ ఫార్మాట్‌కి మారిపోయింది. ఇంత వేగంగా మారే భాగాన్ని విడిగా పెట్టుకుంటే, మార్చాల్సి వచ్చినప్పుడు అదొక్కటే మారుతుంది.

ఇక అందరూ అడిగేది, సౌండ్ మారిందా అని. వన్ కిలోహెర్ట్జ్ టోన్ పెట్టి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్‌తో చూసి, పాత కొత్త స్ట్రీమర్ల లెవెల్ సమానం చేశాకే పోల్చాను. ఇది తప్పనిసరి. ఒక డెసిబెల్ కంటే తక్కువ తేడా ఉన్నా సరే, కాస్త గట్టిగా వినిపించేదే బాగున్నట్టు చెవికి తోస్తుంది. లెవెల్ కలిశాక, అదే డాక్ మీద, అదే ఫ్లాక్ ఫైలు పెడితే నాకు తేడా తెలియలేదు. తెర తొలగిపోయినట్టుంది, స్టేజ్ విశాలమైంది అని రాయలేను. అంకెలు చెక్కుచెదరకుండా డాక్‌కి చేరుతున్నప్పుడు అలా ఉండటమే సహజం.

అయినా రోజువారీ వినికిడి చాలా మారింది. అన్నిటికంటే ముందు చెప్పాల్సింది గ్యాప్‌లెస్ గురించి, అంటే ట్రాకుల మధ్య ఖాళీ లేకుండా పాడించడం. పాత స్ట్రీమర్ ట్రాకుకీ ట్రాకుకీ మధ్య చిన్న ఖాళీ వదిలేది. సినిమా పాటలకి అది పెద్ద విషయం కాదు. కచేరీ రికార్డింగుల్లో మాత్రం ఆలాపన ఒక ట్రాకు, కీర్తన ఇంకో ట్రాకుగా ఉన్నప్పుడు సరిగ్గా ఆ మధ్యలో తంబూర శ్రుతి తెగిపోయేది. ఒక్క క్షణమే గానీ, అప్పటిదాకా కుదిరిన ధ్యాస అంతా చెదిరిపోయేది. ఇప్పుడు శ్రుతి ఎక్కడా తెగదు. నేను పెట్టిన ఖర్చుకి ఇదొక్కటి చాలు అనిపిస్తుంది.

రెండోది ఈథర్‌నెట్, అంటే వైఫైకి బదులు కేబుల్‌తో నెట్. సీడీ నాణ్యత స్టీరియోకి, కంప్రెస్ చేయకుండా పంపినా, సెకనుకి 1,411 కిలోబిట్లు చాలు. 24 బిట్, 192 కిలోహెర్ట్జ్‌కి 9,216. ఈ స్పీడ్ ఈనాటి వైఫైకి తేలికే. ఇబ్బంది స్పీడ్‌తో కాదు, అంతరాయాలతో. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్, చుట్టుపక్కల రౌటర్లు అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. మామూలు కేబుల్ లాగాక పాట ఆగడమన్నదే లేదు. దీనికోసం ఖరీదైన ఆడియోఫైల్ ఈథర్‌నెట్ కేబుల్ కొనొద్దని గట్టిగా చెబుతున్నాను. దారిలో పోయిన ప్యాకెట్ మళ్లీ వస్తుంది, డేటా ముందు బఫర్‌లో (తాత్కాలిక మెమరీలో) చేరుతుంది. ఆ తర్వాతే పాటగా బయటికొస్తుంది.

డాక్‌కి కలపడంలో ఒక చిక్కు ఎదురైంది. మొదట యూఎస్‌బీతో కలిపాను. అసింక్రనస్ యూఎస్‌బీలో టైమింగ్ డాక్ చేతిలోనే ఉంటుంది కాబట్టి సిద్ధాంతం ప్రకారం అదే మెరుగు. కానీ పాట లేనప్పుడు స్పీకర్లలో సన్నటి హమ్ వచ్చేది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు, కలిపిన పెట్టెల ఎర్త్ దారుల మధ్య కరెంటు తిరగడం వల్ల వచ్చే హమ్. ఆప్టికల్ కేబుల్‌కి మారగానే హమ్ పోయింది, ఎందుకంటే అందులో వెళ్లేది వెలుగు, రెండు పెట్టెల మధ్య కరెంటు దారే ఉండదు. ఆప్టికల్‌లో 192 కిలోహెర్ట్జ్ అన్ని పరికరాల్లోనూ నిలకడగా నడవదు, నా సెటప్‌లో 96 దగ్గరే ఆపేశాను. హమ్ లేని నిశ్శబ్దం ముందు అది నాకు లోటుగా అనిపించలేదు.

ఫోన్ రిమోట్‌గా మాత్రమే మిగలడం ఇంకో సుఖం. స్పాటిఫై కనెక్ట్, టైడల్ కనెక్ట్ లాంటివాటిలో పాట సర్వర్ నుంచి నేరుగా స్ట్రీమర్‌కి వస్తుంది. ఫోన్ మోగినా, బ్యాటరీ అయిపోయినా పాట సాగుతూనే ఉంటుంది. బ్లూటూత్ కూడా ఉంది గానీ అది ఇంటికి వచ్చినవాళ్లు తమ ఫోన్ నుంచి పాట పెట్టడానికే. బ్లూటూత్‌లో పాటను కుదించి పంపే ఎల్‌డాక్ పద్ధతి సెకనుకి గరిష్ఠంగా 990 కిలోబిట్లు పంపినా కొంత డేటా వదిలేస్తుంది. వాల్యూమ్ మాత్రం స్ట్రీమర్‌లో ఫిక్స్‌డ్‌గా పెట్టి, యాంప్లిఫయర్ నాబ్‌తోనే తిప్పుతాను.

కొత్తలో యాప్ అప్పుడప్పుడు ‘పరికరం కనబడటం లేదు’ అనేది. రౌటర్ సెట్టింగ్స్‌లో స్ట్రీమర్‌కి ఒక ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) రిజర్వ్ చేశాక ఆ టెన్షన్ తీరిపోయింది. కరెంటు పోయి వచ్చినా తనంతట తానే నెట్‌వర్క్ పట్టుకుంటోంది.

ఇప్పటికీ తీరని అసంతృప్తి తెలుగు విషయంలోనే. నా ఫైళ్లకి పాట పేరు, గాయకుడు, స్వరకర్త అన్నీ తెలుగు లిపిలోనే ట్యాగ్ చేసుకున్నాను. యాప్‌లో అవి చక్కగా కనిపిస్తాయి. స్ట్రీమర్ ముందున్న చిన్న తెర మీద మాత్రం ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి, ఎందుకంటే అందులో తెలుగు ఫాంట్ లేదు. పైగా యాప్‌లో ‘సంగీతం’ అని సున్నాతో రాసి వెతికితే, ‘సఙ్గీతం’ అని పాత ట్యాగ్ ఉన్న పాట దొరకదు. కంపెనీకి రెండింటి గురించీ రాశాను. తర్వాతి అప్‌డేట్‌లో తెలుగు పేర్లు అక్షర క్రమంలో రావడం మొదలైంది గానీ తెర మీద డబ్బాలు అలాగే ఉన్నాయి. మీ లైబ్రరీ తెలుగులో ఉంటే, కొనే ముందు ఒక పెన్‌డ్రైవ్‌లో నాలుగు పాటలు తీసుకెళ్లి, ఆ తెర మీద పేర్లు ఎలా వస్తున్నాయో చూసుకోండి.