ఒడ్డెక్కిన ఓడ కోసం ఒక రాత్రి

నార్వే వెళ్లొచ్చినవాళ్ల ఫొటోల్లో కొండలు, జలపాతాలు, ఆకాశంలో ఆకుపచ్చ వెలుగులు ఉంటాయి. మా ఫొటోల్లో సగం ఒక ఓడ అడుగుభాగానివే. ఆ పుణ్యం మా మామయ్య గారిది. ఆయన విశాఖ పోర్టులో కలాసీగా చేరి, వించి (తాళ్లతో సరుకు ఎత్తే యంత్రం) మీద పని నేర్చుకుని, క్రేన్ ఆపరేటర్‌గా రిటైరయ్యారు. ఎంత గొప్ప చోటికి తీసుకెళ్లినా "బావుంది బాబూ" అని ఊరుకునే మనిషి. ఉత్తర నార్వేలోని ట్రోమ్సోలో నేను ఫోన్‌లో ఏదో వెతుకుతుంటే, గాజు భవనంలో నిలబెట్టిన పాత ఓడ ఫొటో ఆయన కంటపడింది. "ఇదేటి బాబూ, ఇంత ఓడని నేలమీద కూకోబెట్టేసారు!" అన్నారు. అంతే, మా లోఫోటెన్ దీవుల ప్లాన్‌కి ముందు స్టోక్‌మార్క్‌నెస్ అనే ఊరు వచ్చి చేరింది.

ఆ ఓడ పేరు ఫిన్‌మార్కెన్. నార్వే తీరం పొడవునా బెర్గెన్ నుంచి పైన రష్యా సరిహద్దు దగ్గరి కిర్కెనెస్ దాకా, 34 రేవులు తాకుతూ తిరిగే ఓడల లైను ఒకటుంది. హుర్టిగ్రూటెన్ అంటారు, త్వరగా వెళ్లే దారి అని అర్థం. మన ఊళ్లకు ఆర్టీసీ బస్సు ఎలాగో ఆ తీరానికి ఈ ఓడ అలాగ. ఉత్తరాలు, కూరగాయలు, పెళ్లివాళ్లు, ఆస్పత్రికి వెళ్లేవాళ్లు, అందరూ అందులోనే. రానూపోనూ పన్నెండు రోజుల ప్రయాణం. ఇప్పుడు రెండు కంపెనీలు పంచుకుని నడుపుతున్నాయి.

ఈ లైనుకి పుట్టిల్లు స్టోక్‌మార్క్‌నెస్. అక్కడి కెప్టెన్ రిచర్డ్ విత్ 1893 జూలై 2న వెస్టరోలెన్ అనే ఆవిరి ఓడని ట్రోన్‌హైమ్ నుంచి హామర్‌ఫెస్ట్‌కి బయల్దేరదీశాడు. అంతకు ముందు ఆ రెండు ఊళ్ల మధ్య ఉత్తరం చేరాలంటే ఎండాకాలంలో మూడు వారాలు, చలికాలంలో ఐదు నెలల దాకా పట్టేదట. ట్రోన్‌హైమ్‌కి పైన దీపస్తంభాలు 28 మాత్రమే. సూర్యుడే రాని నెలల్లో, రాళ్ల మధ్య, రాత్రుళ్లు ఓడ నడపడం కుదరదని మిగతా కంపెనీలన్నీ తప్పుకున్నాయి. విత్, అతని పైలట్ ఆండర్స్ హోల్టే మాత్రం దిక్సూచి, గడియారం పెట్టుకుని ఏ మలుపు నుంచి ఏ దిక్కుకి ఎన్ని నిమిషాలు వెళ్లాలో ఎప్పటికప్పుడు పుస్తకంలో రాసుకుంటూ వచ్చారు. ఆ రాతలే దారి అయ్యాయి.

సరే, ప్రయాణం సంగతి. దక్షిణానికి వెళ్లే ఓడ ట్రోమ్సోలో అర్ధరాత్రి దాటాక ఒకటిన్నరకి కదులుతుంది. పూర్తి క్రూజ్ ప్యాకేజీ ధరలు చూసి గుండె జారిపోనక్కర్లేదు. ఒక రేవు నుంచి ఇంకో రేవుకి విడి టికెట్ ఇస్తారు, ఈ సంగతి మన టూర్ ఏజెంట్లు చెప్పరు. కొందరు స్థానికులు క్యాబిన్ తీసుకోకుండా లాంజ్ కుర్చీల్లోనే కోటు కప్పుకుని పడుకున్నారు. మేం పెద్దాయన ఉన్నారని క్యాబిన్ తీసుకున్నాం. జూలై రెండో వారం, అర్ధరాత్రి కూడా పట్టపగలే, కాబట్టి నిద్ర ఎలాగూ రాలేదు. చిన్నవాళ్లయితే కుర్చీయే చాలు, ఆ డబ్బులు మిగుల్చుకోండి. తిండి మాత్రం వెంట ఉంచుకోవాలి. ఒక్క కాఫీకే నలభై క్రోన్ల పైన, క్రోన్‌కి ఎనిమిది రూపాయల లెక్కన మామయ్య గారు ఒకసారి గుణించుకుని, ఆ తర్వాత కాఫీ ఊసెత్తలేదు. ట్రోమ్సో అద్దెగదిలో మా ఆవిడ కలిపి తెచ్చిన పులిహోర సాయంత్రం దాకా వచ్చింది.

పొద్దున హార్‌స్టాడ్ దాటాక రిసోయ్‌రెన్నా అనే కాలువ వస్తుంది. లోతు లేని చోట ఓడల కోసం తవ్విన దారి, 1922లో తెరిచారు. దీనికోసం పట్టుబట్టినవాళ్లలో రిచర్డ్ విత్ ముఖ్యుడు. అటూ ఇటూ దారి చూపించే తేలే గుర్తులు (బోయాలు), మధ్యలో ఓడ నడకలాగా మెల్లగా పోతుంది. అందరూ కొండల్ని ఫొటోలు తీస్తుంటే మామయ్య గారు కిందకి వంగి నీళ్ల రంగు చూస్తూ, "అడుగు ఎంతో లేదు బాబూ, ఇసక కనిపిస్తోంది" అన్నారు.

మధ్యాహ్నం రెండుంబావు ప్రాంతంలో స్టోక్‌మార్క్‌నెస్ చేరాం. ఓడ అక్కడ గంటసేపు ఆగుతుంది. చాలామంది ఆ గంటలోనే పరిగెత్తుకెళ్లి ఫిన్‌మార్కెన్ ఉన్న మ్యూజియం చూసి పరిగెత్తుకొస్తారు. నా మాట వినండి, అలా చేయకండి. దిగడానికి పది నిమిషాలు, తిరిగి ఎక్కడానికి పావుగంట, మిగిలినదాంట్లో ఏం చూస్తారు? ఒక రాత్రి ఆగి, మర్నాడు అదే వేళకి వచ్చే తర్వాతి ఓడ ఎక్కండి. మేం అదే చేశాం.

బస దగ్గర మాత్రం దెబ్బతిన్నాం. "రేవుకి రెండు నిమిషాలు" అని రాసి ఉంటే గది బుక్ చేశాను. రెండు నిమిషాలు కారులో అన్నమాట! వంతెన దాటి అవతలి చిన్న దీవిలో ఉంది. పెట్టెల చక్రాలు కంకరలో దిగబడుతుంటే, ఎదురుగాలిలో, పాతిక నిమిషాలు నడిచాం. రాత్రికి 1,400 క్రోన్లు తీసుకుని కిటికీకి పల్చటి తెల్ల పరదా వేశారు. సూర్యుడు అస్తమించని ఊళ్లో అదేం పరదా? మా ఆవిడ చున్నీ, నా జాకెట్ కట్టి కొంత చీకటి చేసుకున్నాం. వంటగది మాత్రం ముచ్చటగా ఉంది, గిన్నెలు, నూనె, ఉప్పు అన్నీ పెట్టారు. అన్నం వండుకుని పెరుగు కలుపుకు తిన్నాక కోపం సగం తగ్గింది. మీరు వెళ్తే ఊళ్లోనే, వంతెనకి ఇవతలే గది చూసుకోండి. మ్యాప్ మీద దూరం మీరే కొలుచుకోండి.

ఇక ఓడ. గాజు భవనంలోకి అడుగుపెట్టగానే ఎదురయ్యేది గోడ కాదు, ఓడ పొట్ట. 81 మీటర్ల పొడవు. నీళ్లమీద చూసినప్పుడు ఓడలో సగమే చూస్తాం కదా, ఇక్కడ కింద నిలబడి చుక్కాని, మర, అడుగున పలకలు అన్నీ చూడొచ్చు. మామయ్య గారు తలెత్తి అలా చూస్తూ ఉండిపోయారు. నలభై ఏళ్లు ఓడల మధ్య బతికిన మనిషి, ఓడ అడుగుని ఇంత దగ్గరగా తీరిగ్గా చూడటం అదే మొదటిసారి అన్నారు.

ఫిన్‌మార్కెన్‌ని 1956లో జర్మనీలో, హాంబర్గ్‌లోని బ్లోమ్ ఉండ్ ఫోస్ యార్డులో కట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో పేరుమోసిన బిస్మార్క్ యుద్ధనౌకని కట్టింది ఆ యార్డే. ఆ యుద్ధంలో నార్వేని ఆక్రమించిన దేశం నుంచే, యుద్ధం ముగిసిన పదకొండేళ్లకి, నార్వేవాళ్లు తమ తీరానికి ఓడలు కట్టించుకున్నారు. యుద్ధంలో ఈ లైను ఓడలు చాలా మునిగిపోయాయి మరి. విత్ పేరుతో ఉన్న ఓడని 1941 సెప్టెంబరులో బ్రిటిష్ జలాంతర్గామి టార్పెడోతో కొడితే 99 మంది పోయారు.

మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చూసుకోవాలి. పైకెళ్లాక మామయ్య గారు క్యాబిన్లు, భోజనశాల వైపు చూడనైనా చూడకుండా సరాసరి ముందు డెక్‌కి వెళ్లారు. అక్కడ హోల్డ్ (సరుకు దించే గది) మూత, దాని వెనక డెర్రిక్‌లు (సరుకు ఎత్తే పొడుగాటి దూలాలు), వించీలు. ఒక వించి హ్యాండిల్ పిడి దగ్గర రంగు పోయి ఇనుము మెరుస్తోంది. "ఇదిగో, ఇక్కడే పట్టుకునేవోళ్లు" అని తన అరచెయ్యి దానికి ఆనించకుండా ఒక బెత్తెడు పైన పెట్టి చూపించారు. ముట్టుకోవద్దని బోర్డు ఉంది మరి.

అప్పుడు మొదలైంది పాఠం. రెండు డెర్రిక్‌లు ఉంటే ఒకటి హోల్డ్ మీద, రెండోది రేవు మీద నిలబెడతారు. రెండిటి వైర్లూ ఒకే కొక్కేనికి. మొదటి వించి ఎత్తుతుంటే రెండోది మెల్లగా లాగుతుంది, సరుకు గాలిలో అడ్డంగా జారుతూ ఒడ్డుకి చేరుతుంది. ఇద్దరు వించిమ్యాన్ల చేతులు ఒక మనిషి చేతుల్లా కదలాలి. ఒకడు తొందరపడితే వైరు తెగుతుంది. హోల్డ్ అంచున ఒకడు నిలబడి సైగ చేస్తాడు. అరచెయ్యి కిందికి ఊపితే 'ఆరియా', దించమని. వేలు పైకి తిప్పితే 'హబీస్', ఎత్తమని. "మాటలు వినపడవు బాబూ, చెయ్యే మాట." ఈ లైను పాత ఓడల్లో కార్లని కూడా ఇలాగే వలవేసి ఎత్తి పెట్టేవారని చదివాను. మామయ్య గారికి చెబితే, "అంబాసిడర్ ఎత్తాం మేవూ" అన్నారు, అదేం పెద్ద విషయం కాదన్నట్టు.

మిగతా ఓడ నేనూ మా ఆవిడా చూశాం. క్యాబిన్లు మన స్లీపర్ బెర్తుల్లాంటివే, ఒకదానిపైన ఒకటి, ఓడ ఊగితే పడిపోకుండా అంచున చెక్క అడ్డం. ఒక మూల చేతులు కడుక్కునే తొట్టి. కిందికి వెళ్లేకొద్దీ పాత నూనె వాసన, నాకు బాగా నచ్చింది. నిన్న మేం పడుకున్న ఓడలో ఈ వాసన లేదు.

ఇంత చేసినా, ఓడని కాపాడటం ఆలస్యమైందేమోనన్న సందేహం వదల్లేదు. ఈ ఓడ 1993లో సర్వీసు ముగించింది. 1999లో ఒడ్డెక్కించారు. గాజు భవనం తెరిచింది 2021లో. అంటే ఇరవై రెండేళ్లు వానకీ మంచుకీ ఉప్పుగాలికీ ఆరుబయటే ఉంది. మామయ్య గారు చెప్పేది ఏమిటంటే, తిరిగే ఓడకి తుప్పు గీకి రంగేసే చేతులు రోజూ ఉంటాయి, నిలిపేసిన ఓడకి ఎవరుంటారు? ముప్పై ఏడేళ్ల సర్వీసు కంటే ఆ ఇరవై రెండేళ్లే దానికి ఎక్కువ వయసు తెచ్చి ఉంటాయని ఆయన లెక్క.

అదే 1956లో అదే యార్డు ఇదే లైనుకి ఇంకో రెండు ఓడలు కట్టింది. రాగ్న్‌వాల్ యార్ల్‌ని తర్వాత నావికుల శిక్షణకి తీసుకున్నారు, పేరు కూడా మారిపోయింది. నూర్‌షెర్నెన్ 2012 దాకా ఈ తీరంలో తిరిగి, అదే ఏడు రక్షిత నౌక హోదా పొంది, ఆ తర్వాత ఉత్తరాన స్వాల్బార్డ్ దీవుల వైపు పర్యాటకులని తిప్పింది. ముగ్గురు తోబుట్టువుల్లో ఏది అదృష్టవంతురాలని మా ఇంట్లో వాదన నడిచింది. మా ఆవిడ ఓటు నీళ్లమీద ఉన్నదానికి. నా ఓటూ అటే. మామయ్య గారు మాత్రం గాజులో ఉన్నదే నయమన్నారు. ఆయనకి తెలిసిన ముసలి ఓడల దారి అలంగ్. గుజరాత్ తీరంలో పోటు చూసుకుని ఓడని జోరుగా ఒడ్డుకి తోలేస్తారు, అది బురదలో కూరుకున్నాక ముక్కలు కోస్తారు. "ఓడ ఒడ్డెక్కిందంటే మాకు చావు కబురే. ఇక్కడ ఒడ్డెక్కించి టికెట్ పెట్టారు" అని నవ్వారు.

మిగతా ఊరు అరపూటలో అయిపోతుంది. 1824 నాటి ఎనిమిది మూలల చెక్క చర్చి ఉంది. సైకిల్ తొక్కగలిగితే దీవి చుట్టూ నలభై కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు. మేం తొక్కలేదు. మర్నాడు లోఫోటెన్‌లోని స్వోల్వేర్ దాకా ఎక్కిన ఓడ రాఫ్ట్‌సుండ్ అనే ఇరుకు జలసంధిలోంచి వెళ్లింది. ప్రయాణం మొత్తంలో అందమైన భాగం అదే, ఆ మూడు గంటలకి క్యాబిన్ దండగ, డెక్ మీద నిలబడండి, చెవులకి టోపీ ఉంచుకోండి.

రాత్రి సంగతి చెప్పాలి. ఆ పల్చటి పరదా వల్ల ఎలాగూ నిద్ర పట్టలేదు, ఒంటిగంట ప్రాంతంలో ఉత్తరానికి వెళ్లే ఓడ వస్తుందని తెలుసు, ముగ్గురం వంతెన దాటి మళ్లీ రేవుకి నడిచాం. ఎండ నారింజ రంగులో అడ్డంగా పడుతోంది. కొత్త ఓడ వచ్చి గాజు భవనం పక్కనే ఆగింది. అద్దంలో కొత్తదాని నీడ, అద్దం వెనక పాతది. ఒడ్డు మీది మనిషి మోకు అందుకుని గుంజకి వేశాడు. డెర్రిక్‌లు లేవు, వించీలు లేవు. ఓడ పక్కన ఒక పెద్ద తలుపు ఉంది, అది తెరుచుకుని మెల్లగా కిందికి దిగుతోంది, ఫోర్క్‌లిఫ్ట్ ఒకటి ఒడ్డున కాచుకుని ఉంది.

మామయ్య గారి చెయ్యి ఎప్పుడు లేచిందో మరి, అరచెయ్యి నేలకేసి, మెల్లగా ఊపుతున్నారు. "ఆరియా... ఆరియా..." పెదాలు మాత్రమే కదిలాయి. ఫోర్క్‌లిఫ్ట్ మీది కుర్రాడు చూసి నవ్వాడు, తన చెయ్యి కూడా అలాగే కిందికి ఊపి, తలుపు నేలకి తాకగానే లోపలికి పోనిచ్చాడు.