కంట్లో నల్ల మచ్చలు పోగొడతామనే చుక్కల మందు కొనకండి

ఫోన్‌లో వీడియోల మధ్య వచ్చే ఆ ప్రకటన మీలో చాలామంది చూసే ఉంటారు. "కళ్ల ముందు దోమలు ఎగురుతున్నట్టుందా? నల్ల మచ్చలా? ఆపరేషన్ లేకుండా మూలికల చుక్కలతో మాయం!" దయచేసి కొనకండి. మా మేనమామ కొన్నారు. ఇప్పుడు ఎడమ కన్నుతో ఆయన పేపరు చదవలేరు.

మావయ్యకి అరవై దాటాయి. చదువుకునే రోజుల నుంచీ మైనస్ ఏడు అద్దాలు. ఒక పొద్దున లేచేసరికి ఎడమ కంట్లో మసి చల్లినట్టు చుక్కలు, చీకట్లో కన్ను తిప్పితే ఓ పక్కన మెరుపులు. నొప్పి లేదు, ఎరుపు లేదు, నీరు కారడం లేదు. అంతలో ఈ ప్రకటన కనపడింది, మూడు నెలల కోర్సు తెప్పించుకున్నారు.

కొన్నాళ్లకి చుక్కలు ఇంకా పెరిగాయి. కంపెనీకి ఫోన్ చేస్తే అవతల అమ్మాయి, "లోపలి మురికి బయటికొస్తోంది అంకుల్, కోర్సు మాత్రం ఆపకండి" అందట. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఈ మాటే. చుక్కలు ఒక్కసారిగా పెరిగాయంటే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. దాన్ని మందు పనిచేస్తోందని చెప్పి మనిషిని ఇంట్లో కూర్చోబెట్టారు. చివరికి చూపులో ఒక అంచు నుంచి నల్లటి తెర కమ్ముకురావడం మొదలయ్యాక అత్తయ్య మాకు ఫోన్ చేసింది. తీసుకెళ్లేసరికి రెటీనా, అంటే కంటి లోపల వెనక గోడకి అంటుకుని ఉండి చూపుని పట్టే పల్చటి పొర, ఊడిపోయింది, చదవడానికీ మొహాలు గుర్తుపట్టడానికీ పనికొచ్చే మధ్యభాగం, మాక్యులా, దాంతో సహా.

రెటీనా డాక్టరు చెప్పింది ఇది. కంటి లోపల జెల్లీ లాంటి పదార్థం నిండి ఉంటుంది. వయసుతో అది కుంచించుకుపోయి వెనకనున్న రెటీనా నుంచి విడిపోతుంది. చాలామందికి అక్కడితో సరి, కాసిని మచ్చలు మిగులుతాయి, మెల్లగా అలవాటైపోతాయి. కొందరిలో విడిపోయేటప్పుడు రెటీనాని లాగి చింపుతుంది. ఆ లాగుడుకే మెరుపులు కనపడతాయి. చిరుగులోంచి నీరు వెనక్కి చేరితే రెటీనా గోడ నుంచి ఊడి వస్తుంది. రెటీనాకి నొప్పి తెలియదు కాబట్టి ఇంత జరుగుతున్నా మనిషికి ఏమీ అనిపించదు. ఇంకా ఊడకముందే, చిరుగు దశలోనే దొరికితే చాలామందికి లేజర్‌తో చుట్టూ అతికించి అదే రోజు ఇంటికి పంపేస్తారు. మావయ్యకి ఆ దశ దాటిపోయింది. ఆ జెల్లీని తీసేసే విట్రెక్టమీ ఆపరేషన్ చేసి కంట్లో గ్యాస్ నింపారు, రోజుల తరబడి తల వంచుకునే ఉండమన్నారు, గ్యాస్ కరిగేదాకా విమానం ఎక్కొద్దన్నారు. రెటీనా అతుక్కుంది, కానీ మధ్య చూపు పూర్తిగా తిరిగి రాలేదు.

కంట్లో పైన వేసుకునే ఏ చుక్కలూ ఆ చిరుగుని అతికించలేవు. అది మూలికల మందైనా, ఇంకేదైనా.

ఏళ్ల తరబడి ఒకటీ అరా మచ్చలు తేలుతున్నవాళ్లు ఇది చదివి హడలిపోకండి, వీలు చూసుకుని ఒకసారి చూపించుకుంటే చాలు. కొత్తగా, ఒక్కసారిగా చుక్కలు వచ్చినా, మెరుపులు కనపడినా, తెర పడినట్టున్నా తెల్లారేదాకా ఆగకండి. మైనస్ పవర్ ఎక్కువున్నవాళ్లు, శుక్లం ఆపరేషన్ అయినవాళ్లు, కంటికి దెబ్బ తగిలినవాళ్లు, ఇంట్లో ఎవరికైనా రెటీనా ఊడినవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. షుగర్ ఉన్నవాళ్లకి లోపల రక్తం కారినా ఇలాగే నల్లగా కనపడుతుంది.

కళ్లజోళ్ల షాపులో పవర్ చూపించుకుంటే ఇది బయటపడదు. చుక్కల మందు వేసి కంటిపాప పెద్దది చేసి రెటీనా చూడమని మీరే అడగండి. తర్వాత కొన్ని గంటలు చూపు మసగ్గా ఉంటుంది, బండి నడపకూడదు, తోడు ఎవరినైనా తీసుకెళ్లండి. డబ్బుకి వెనకాడే పరిస్థితైతే హైదరాబాద్‌లో మెహదీపట్నం సరోజినీదేవి, విశాఖలో ప్రాంతీయ కంటి ఆస్పత్రి, రెండూ ప్రభుత్వానివే.

ఇప్పటికే కొని ఉంటే సీసా, బిల్లు, చాటింగ్ పారేయకండి. 1915కి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఫిర్యాదు తీసుకుంటుంది. గుడ్డితనం, శుక్లం, గ్లాకోమా మందుతో నయం చేస్తామని ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది, అలాంటి మాట ప్రకటనలో ఉంటే స్క్రీన్‌షాట్ తీసి మీ జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి కూడా ఇవ్వండి. మేం ఇచ్చాం.