‘జీరో పర్సెంట్ ఈఎంఐ’ వెబ్ డిజైన్ కోర్సులో చేరే ముందు ఇది చదవండి

మా పిన్ని కొడుకు డిగ్రీ అవగానే అమీర్‌పేటలో, మైత్రీవనం దగ్గర ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రంట్ ఎండ్ (వెబ్‌సైట్‌లో కంటికి కనిపించే భాగం తయారుచేసే పని) కోర్సుకి చేరాడు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. నేనూ ఇదే పనిలో ఉన్నాను గనుక వాడి మెటీరియల్ మొత్తం తెరిచి చూశాను.

లేఅవుట్, అంటే పేజీలో ఏది ఎక్కడ ఉండాలో చెప్పే పాఠమంతా ఫ్లోట్ లెఫ్ట్, కింద క్లియర్‌ఫిక్స్ అనే పాత పద్ధతే. అదే పనికి 2017 నుంచి ప్రధాన బ్రౌజర్లన్నిట్లో ఉన్న కొత్త పద్ధతి గ్రిడ్ మీద ఒక్క పేజీ లేదు. బూట్‌స్ట్రాప్ (రెడీమేడ్ డిజైన్ కోడ్) అంటే మూడో వెర్షన్, దానికి సపోర్టే 2019లో ఆగిపోయింది. వెబ్‌పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ రియాక్ట్‌ని మొదలుపెట్టేది, ప్రాజెక్టుని సిద్ధం చేసిపెట్టే క్రియేట్ రియాక్ట్ యాప్ అనే టూల్‌తో. కొత్త ప్రాజెక్టులకి అది వద్దని రియాక్ట్ టీమే 2025 ఫిబ్రవరిలో చెప్పేసింది. పాత కోడ్ తెలిసి ఉండటం తప్పేం కాదు, ఉద్యోగంలో అదీ తగులుతుంది. కానీ బయట ఫ్లెక్సీ మీద ‘లేటెస్ట్ సిలబస్’ అని ఉంది మరి!

ఇక ‘రియల్ టైమ్ ప్రాజెక్ట్’. ఎక్కడో దింపుకున్న టెంప్లేట్ అది. ఫుటర్‌లో కాపీరైట్ 2016 అలాగే ఉంది, ‘అబౌట్ అస్’ కింద ఖాళీ నింపడానికి పెట్టే అర్థంలేని రాత, లోరెమ్ ఇప్సమ్ కూడా తీయలేదు. బ్యాచ్ మొత్తం రెజ్యూమేల్లో ఇదే ప్రాజెక్టు. ఇంటర్వ్యూలో బూట్‌స్ట్రాప్ లేకుండా మూడు బాక్సులు పక్కపక్కన పెట్టి, ఫోన్‌లో ఒకదాని కింద ఒకటి వచ్చేలా చెయ్యమంటే వాడికి చేతులాడలేదు. డెమో క్లాసు అదరగొట్టిన సారు మళ్లీ కనపడలేదు. తర్వాత వచ్చినాయన డౌట్ అడిగితే రికార్డింగ్ చూసుకోమనేవాడు.

అసలు దెబ్బ ఫీజు దగ్గర. ‘జీరో పర్సెంట్, నెలనెలా కట్టుకో తమ్ముడూ’ అంటూ కౌన్సెలర్ ఆధార్, పాన్ తీసుకుని, ఫోన్‌కొచ్చిన ఓటీపీలు అక్కడికక్కడే చెప్పించుకుంది. అది ఇన్‌స్టిట్యూట్ ఇచ్చిన వాయిదా కాదు. ఒక ఫైనాన్స్ కంపెనీ వీడి పేరు మీద ఇచ్చిన లోన్. ఇన్‌స్టిట్యూట్‌కి డబ్బు ఒకేసారి ముట్టింది. వీడు క్లాసులు మానేసినా ఖాతాలోంచి ఈఎంఐ కట్ అవుతూనే ఉంది, ఆపితే సిబిల్ స్కోరు పోతుంది. రిఫండ్ అడిగితే రసీదు వెనక చిన్నక్షరాలు చూపించారు. ‘నూరు శాతం ప్లేస్‌మెంట్’ అన్న మాట కూడా రసీదులోకి వచ్చేసరికి ‘అసిస్టెన్స్’ అయిపోయింది.

కాబట్టి ఓటీపీ చెప్పేలోపే ‘లోన్ ఎవరిస్తున్నారు’ అని అడగండి. కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ తీసుకోండి, అది ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధన. నిజంగా పడే వడ్డీ, చార్జీలు, పెనాల్టీ లేకుండా లోన్ వదిలించుకునే గడువు అందులో ఉంటాయి.

నిజానికి ఈ చదువుకి ఇంత ఖర్చు అక్కర్లేదు. ఓడిన్ ప్రాజెక్ట్ అనే వెబ్‌సైట్ ఓనమాల నుంచి, కోడ్‌లో చేసిన మార్పులన్నీ గుర్తుపెట్టుకునే టూల్ గిట్‌తో సహా నేర్పిస్తుంది. ఫ్రీకోడ్‌క్యాంప్ సైట్‌లో బ్రౌజర్‌లోనే కోడ్ కొట్టొచ్చు. అనుమానం వస్తే ఎమ్‌డీఎన్ అనే రిఫరెన్స్ సైట్ ఉంది. బాక్సులు వరసగా పేర్చే ఫ్లెక్స్‌బాక్స్ పద్ధతి నేర్పడానికి ఫ్లెక్స్‌బాక్స్ ఫ్రాగీ అని కప్పల ఆట ఒకటుంది, మా ఆఫీసులో కొత్తవాళ్లకి ముందు అదే ఇస్తాను. అన్నీ ఉచితమే. ఇంగ్లిష్ ఇబ్బందైతే యూట్యూబ్‌లో తెలుగులో చెప్పేవాళ్లున్నారు, వీడియో ఏ ఏడాదిదో మాత్రం చూసుకోండి.

ఇప్పటికే ఇలా ఇరుక్కున్నవాళ్లు రసీదు, లోన్ అగ్రిమెంట్, వాట్సాప్‌లో వాళ్లు పంపిన పాంప్లెట్ ఏదీ డిలీట్ చెయ్యకండి. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే ముందు అడిగేవి ఆ కాగితాలే.