ఛాతీ మీద కెమెరా, చేతిలో కర్ర: ఏడు నెలల వాడకం

నేను ములుగు జిల్లాలో ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌ని. నా బీట్, అంటే నేను కాపలా కాసే అడవి ముక్క, తాడ్వాయి అడవుల వైపు, ఇల్లు హనుమకొండలో. సెలవు మీద ఇంటికెళ్తే అన్నం పెడుతూ మా అమ్మ అడిగేది ఒకటే మాట: "అడివిల ఒక్కదానివి తిరుగుతవు, పోలీసోళ్లకిచ్చినట్టు మీకు తుపాకి ఇయ్యరా బిడ్డా?" ఇయ్యరమ్మా, ఇయ్యరమ్మా అని చెప్పీ చెప్పీ విసుగొచ్చి, పోయిన వానాకాలం ముందు నా జీతంలోంచి 6,800 రూపాయలు పెట్టి ఒక బాడీ కెమెరా కొనుక్కున్నాను. మా రేంజర్ సార్‌కి చెప్పాకే పెట్టుకున్నాను. ఏడు నెలల నుంచి అది నా చొక్కా మీదే ఉంది కాబట్టి దాని మంచీ చెడూ రాసే హక్కు నాకుందనుకుంటున్నా.

కంపెనీ పేరు రాయను. ఇదే డబ్బా మీద మూడు రకాల పేర్లు వేసి అమ్ముతున్నారు. నేను కొన్న పేరుతో ఇప్పుడు వెతికితే దొరకడం లేదు కూడా. హనుమకొండ చౌరస్తా దగ్గర రెండు షాపుల్లో అడిగితే పెళ్లి వీడియోలు తీసే కెమెరాలు చూపించారు. చివరికి ఆన్‌లైన్‌లో తెప్పించాను. అగ్గిపెట్టెలు నాలుగు కలిపి కట్టినంత సైజు, వెనక క్లిప్పు, ముందు ఎర్ర లైటు, పక్కన ఒక్క బటన్. చెమట చేతులతో, చీకట్లో, భయంలో కూడా ఆ బటన్ దొరుకుతుంది. దీన్ని తయారుచేసినవాళ్లు బాగా ఆలోచించింది అదొక్కటే.

బ్యాటరీ పది గంటలు వస్తుందని డబ్బా మీద రాశారు. నాకు ఆరున్నర దాటలేదు. రాత్రి మోడ్ పెడితే నాలుగు గంటలు. మా వైపు కరెంటు పోతే ఎప్పుడొస్తుందో తెలియదు, అందుకని పవర్ బ్యాంక్ కూడా మోయాల్సిందే. వానకి మాత్రం తట్టుకుంది. జులైలో రెండు రోజులు ముసురులో తడిసినా ఆగలేదు.

మొదటి పరీక్ష పోడు (అడవి నరికి చేసే సేద్యం) దగ్గర జరిగింది. పొద్దున ఆరున్నరకి రిజర్వ్ ఫారెస్ట్ కందకం పూడ్చి ట్రాక్టర్ దింపారని ఫోన్ వచ్చింది. మా ఫారెస్ట్ వాచర్ (నేను మామ అంటాను), నేను వెళ్లాం. అక్కడ పది పన్నెండు మంది ఉన్నారు, సగం ఆడవాళ్లు. 2023 జూన్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలైనప్పుడు రాష్ట్రంలో లక్షన్నర మందికి దాదాపు 4 లక్షల ఎకరాలకు పట్టాలన్నారు. రానివాళ్ల కోపం మాత్రం ప్రగతి భవన్ దాకా పోలేదు, మా బీటోళ్ల దగ్గరే ఆగిపోయింది. ఇలాంటి చోట ముందు అరుపులు, తర్వాత తోపులాట, సాయంత్రానికి "మేడం మమ్మల్ని కొట్టింది" అని ఒక దరఖాస్తు. ఇదివరకు రెండుసార్లు అలాగే అయింది. నేను ఎవరినీ ముట్టుకోలేదని చెప్పడానికి నా దగ్గర నా నోరు తప్ప ఏమీ లేదు.

ఈసారి ట్రాక్టర్ మీదున్న పిల్లాడు ఎర్ర లైటు చూశాడు. "ఏ, ఆగుర్రి, రికార్డు అయితాంది" అన్నాడు. గొడ్డలి పట్టుకున్నాయన దాన్ని మెల్లగా వెనక్కి పెట్టుకున్నాడు. అంతే. ఎవరూ పారిపోలేదు, ఎవరూ దండం పెట్టలేదు. కానీ మాటల వేడి తగ్గింది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. రాత్రి ఆ వీడియో చూసుకుంటే, కెమెరా నొక్కక ముందు నేను "నువ్వెవడివిరా" అన్న మనిషినే, నొక్కాక "మీ పేరేంటండీ" అని అడుగుతున్నాను. వాళ్లకన్నా ముందు నేనే మారిపోయాను. అదే నడుముకి పిస్తోలు ఉంటే నా గొంతు ఎటువైపు మారేదో నాకు తెలుసు. నాకు కోపం కొంచెం ఎక్కువే.

ఇక్కడే ఈ కెమెరా చేసిన పెద్ద మోసం కూడా బయటపడింది. బ్యాటరీ పూర్తిగా అయిపోతే దీని తారీఖు మళ్లీ మొదటికెళ్తుంది. ఆ ట్రాక్టర్ వీడియో మీద 2019 జనవరి 1, తెల్లవారుజాము 3:12 అని పడింది. వీడియోలో చూస్తే ఎండ కొడుతోంది. మా సెక్షన్ ఆఫీసర్ సార్ చూసి, "ఏందమ్మా, నువ్వు ఉద్యోగంల చేరకముందే కేసు పట్టినవు" అని నవ్వాడు. నవ్వులాటే గానీ, కోర్టులో ఇది నవ్వులాట కాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ కింద వీడియోకి సర్టిఫికెట్ ఇవ్వాలి, ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే ఒక కోడ్) కూడా అందులో రాయాలి. తారీఖే తప్పయితే అవతలి వకీలు మొదటి ప్రశ్నకే మనల్ని కూర్చోబెడతాడు. కొనేవాళ్లకి నా మాట: రోజూ పొద్దున టీ కన్నా ముందు తారీఖు చూసుకోండి. పీఓఆర్ (అటవీ నేరం మీద మేం రాసే మొదటి రిపోర్టు) రాసిన రోజే ఒరిజినల్ మెమరీ కార్డు తీసి కవర్లో పెట్టి సంతకం చేయండి. కార్డు 400 రూపాయలకు ఇంకోటి దొరుకుతుంది.

నన్ను ఈ కెమెరా కొనేలా చేసింది కూడా ఒక వీడియోనే. 2019 జూన్ 30న కాగజ్‌నగర్ మండలం సార్సాలలో, మొక్కలు నాటే పనికి ట్రాక్టర్లతో వెళ్లిన మహిళా రేంజర్ మేడంని వెదురు కర్రలతో కొట్టారు. ఆమె ట్రాక్టర్ ఎక్కి నిలబడితే చుట్టూ చేరి తల మీద కొట్టిన దృశ్యం దేశమంతా చూసింది. నేనప్పుడు ఈ ఉద్యోగ పరీక్షకు చదువుతున్నాను. ఆ రోజు అక్కడ పోలీసులు కూడా ఉన్నారు. అయినా దెబ్బలు ఆగలేదు. కానీ ఆ ఫోన్ వీడియో లేకపోతే అంత త్వరగా అరెస్టులు జరిగేవా? నాకైతే నమ్మకం లేదు.

కెమెరా కాదు, తుపాకీ కావాలనే ఎదురు మాట కూడా నాకు తెలుసు, ఎందుకంటే మా వాళ్లందరూ అదే అంటారు. 2022 నవంబర్ 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ రేంజర్ శ్రీనివాసరావు సార్‌ని బెండాలపాడు దగ్గర ప్లాంటేషన్‌లో వేటకొడవళ్లతో నరికి చంపారు. పశువులు మొక్కల్లో పడ్డాయని చూడటానికి వెళ్లిన మనిషి. ఆయన ఛాతీ మీద నాలాంటి కెమెరా ఉంటే ఏం జరిగేది? కొడవలి ఆగేదా? ఆగేది కాదు. అది ఒప్పుకోకుండా ఈ రివ్యూ రాస్తే నాకు అన్నం సయించదు. ఆ తర్వాతే మా వాళ్లంతా ఆయుధాలు ఇవ్వాలని గట్టిగా అడిగారు. ఆ రోజు నేనూ అడిగాను.

ఇప్పుడు ఒక రాత్రి సంగతి. కార్తీక మాసంలో వాచర్ మామ, నేను వాగు వెంట నడుస్తున్నాం. మామ కోయ మనిషి, యాభై దాటాయి, నా కన్నా చీకట్లో బాగా చూస్తాడు. దూరంగా మూడు టార్చ్‌లు కనిపించాయి. ఆ వెంటనే నాటు తుపాకీ పేలింది. కెమెరా బటన్ నొక్కాను, అలవాటు కొద్దీ. మామ నా భుజం పట్టి కిందికి లాగి "లైట్ బందు చెయ్యి మేడం" అన్నాడు. ఆ ఎర్ర లైటు! దాన్ని ఆపే ఆప్షన్ మెనూలో ఎక్కడో లోపల ఉంటుంది, నాకు గుర్తు రాలేదు. అరచేత్తో మూసి మద్ది చెట్టు కింద నలభై నిమిషాలు పడుకున్నాం. చీమలు కుట్టినా కదల్లేదు. తర్వాత ఆ వీడియో చూస్తే తెర అంతా నల్లగా ఉంది. కప్పల అరుపులు, నా ఊపిరి, ఒకసారి మామ దగ్గు. చీకట్లో ఇరవై మీటర్లు కనపడుతుందని డబ్బా మీద రాశారు. నిజానికి ఎనిమిది మీటర్లు దాటితే బొమ్మ లేదు. తెల్లారి వెళ్తే దుప్పి కాళ్లు, చర్మం, నమిలి పారేసిన గుట్కా పొట్లాలు దొరికాయి.

తుపాకీ ఉంటే బాగుండు అని ఆ నలభై నిమిషాల్లో అనుకోని క్షణం లేదు. కానీ ఉంటే ఏం చేసేదాన్ని? నేను జీవితంలో తుపాకీ పట్టుకుంది కాలేజీ ఎన్‌సీసీలో. పాయింట్ టూ టూ రైఫిల్, ఐదు రౌండ్లు, పగటి పూట, బోర్డు మీద. అందులో రెండు బోర్డుకే తగల్లేదు. చీకట్లో, పరుగెత్తే మనిషి వైపు, పక్కన మామ ఉండగా నేను పేలిస్తే ఎవరికి తగిలేది? పొరపాటున అవతలి వాడు చస్తే, వాడి ఊరు నా బీట్‌లోనే ఉంటుంది. వాడి పిల్లల్ని నేను అంగన్‌వాడీ దగ్గర చూస్తాను.

అస్సాం సంగతి చెప్పి నాతో వాదించేవాళ్లున్నారు. నిజమే, కజిరంగాలో గార్డుల చేతిలో రైఫిళ్లుంటాయి. 2010లో అక్కడి ప్రభుత్వం ఒక నోటిఫికేషన్ ఇచ్చి, ఫారెస్ట్ వాళ్లు డ్యూటీలో కాలిస్తే, ఆ కాల్పులు అనవసరమని మేజిస్ట్రేట్ విచారణలో తేలితే తప్ప కేసు పెట్టకూడదని రక్షణ కల్పించింది. 2022లో ఆ రాష్ట్రంలో వేటగాళ్ల చేతిలో ఒక్క ఖడ్గమృగం కూడా చావలేదు. కానీ అక్కడికి వచ్చేవాడు కొమ్ము కోసం రైఫిల్ పట్టుకుని బయటి నుంచి వస్తాడు. నా బీట్‌లో నాకు ఎదురయ్యేది ఎక్కువగా ఉచ్చు, కరెంటు తీగ. 2024 ఫిబ్రవరిలో కాటారం అడవిలో గ్రేహౌండ్స్ (మావోయిస్టుల కోసం పెట్టిన ప్రత్యేక పోలీసు దళం) జవాను ఒకాయన, జంతువుల కోసం పెట్టిన కరెంటు తీగ తగిలి చనిపోయాడు. ఆయన దళానికి ఉన్నన్ని ఆయుధాలు, అంత ట్రైనింగ్ రాష్ట్రంలో ఎవరికీ ఉండవు. తీగ అవేమీ చూడలేదు.

ఇంకో మాట మా ఊళ్లో ఉండే రిటైర్డ్ రేంజర్ సార్ చెప్పాడు. వాళ్ల కాలంలో డిపార్ట్‌మెంట్ దగ్గర తుపాకులుండేవట. అన్నలు (నక్సలైట్లు) తిరగడం ఎక్కువయ్యాక వాటిని తీసుకెళ్లి పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పారట. "తుపాకి ఉన్నన్ని దినాలు దాన్ని కాపాడుడే నా డ్యూటీ అయింది, అడివిని ఏడ కాపాడిన?" అన్నాడు. నేను తాడ్వాయిలో అద్దె గదిలో ఉంటాను. తలుపుకి ఉన్నది ఒక్క గొళ్లెం. తుపాకీ ఇస్తే రాత్రి దిండు కింద పెట్టుకోవాలి.

నా లెక్కకి తుపాకులు ఉండాల్సింది రేంజ్ స్థాయిలో, ఏటా ఫైరింగ్ ప్రాక్టీస్ చేసే ఆరేడుగురి దళానికి. పిలిస్తే గంటలో రావాలి, తాళం వేసే గదిలో ఆయుధం ఉండాలి, కాలిస్తే వాళ్లని కాపాడే చట్టం ముందే రాసి ఉండాలి. బీట్ వాళ్లకి ఇంకో మనిషి తోడు, పనిచేసే వైర్‌లెస్ సెట్టు, మోకాళ్ల దాకా బూట్లు. ఆ మద్ది చెట్టు కింద నా ఫోన్‌కి ఒక్క గీత సిగ్నల్ లేదు. ఉంటే తుపాకీ గురించి అంత ఆలోచించేదాన్ని కాదేమో.

సరే, కెమెరా దగ్గరికి వస్తా. క్లిప్పు మూడో నెలలో విరిగింది. సర్వీస్ సెంటర్ నంబర్‌కి పదకొండు సార్లు చేస్తే ఒకసారి ఎత్తి, బిల్లు పంపమన్నారు. పంపాను, అంతే సంగతులు. తాడ్వాయి టైలర్ దగ్గర చొక్కా జేబు మీద ఎలాస్టిక్ పట్టీ కుట్టించుకున్నాను, 40 రూపాయలు. అసలు క్లిప్పు కన్నా అదే గట్టిగా ఉంది. ఏప్రిల్ ఎండలో ఎలా ఉంటుందో ఇంకా చూడాలి, ఇప్పటికే మధ్యాహ్నం వేడెక్కి ఛాతీకి చురుక్కుమంటోంది. ఆడవాళ్లకి ఇంకో సలహా: చున్నీ, జాకెట్ దానికి అడ్డం పడతాయి, ఎడమ భుజం దగ్గరకి జరిపి పెట్టుకోండి. మొదటి నెల నా వీడియోల్లో సగం నా జడే ఉంది.

పగటి పనికి ఐదుకి నాలుగు స్టార్లు. రాత్రికి ఒకటి, అది కూడా మైక్ బాగుంది కాబట్టి. సర్వీసుకి సున్నా పెట్టే వీలు లేదు.

మొన్న ప్లాంటేషన్‌లో మేకలు పడ్డాయని వెళ్తే, వాటి వెంట ఉన్న ముసలమ్మ పారిపోకుండా నా దగ్గరికే వచ్చి కెమెరాలోకి తొంగి చూసింది. "గిండ్ల నా మేకలు కూడ పడ్డయా బిడ్డా?" అంది. పడ్డాయమ్మా, పదిహేడు అన్నాను. "పద్దెనిమిది ఉండాలె గద" అని, నన్నక్కడే వదిలేసి పొదల్లో వెతకడానికి పోయింది. రాత్రి వీడియో మళ్లీ చూశాను. పద్దెనిమిదోది నా వెనకే నిలబడి టేకు మొక్క తింటోంది.