సగ్రదా ఫమీలియా టికెట్టు: దేనికి పెట్టొచ్చు, దేనికి అక్కర్లేదు

బార్సిలోనాలోని సగ్రదా ఫమీలియా చర్చికి 1882 మార్చి 19న పునాది రాయి వేశారు. క్రేన్లు ఇంకా దిగలేదు. ఇక్కడ టికెట్టు కొంటే చూసేది సగం గుడి, సగం పని జరుగుతున్న సైటు. ఈ సంగతి తెలిసి వెళ్తే డబ్బుకు తగ్గది దొరుకుతుంది, తెలియక వెళ్తే పరంజాలు చూసి విసుగొస్తుంది.

2025లో మామూలు టికెట్టు 26 యూరోలు, యాప్‌లో వినే ఆడియో గైడు అందులోనే. గోపురం ఎక్కాలంటే మొత్తం 36. పదకొండేళ్ల లోపు పిల్లలకు ఉచితం, కాకపోతే వాళ్ల పేరున సున్నా టికెట్టు తీసుకోవాలి. ప్రభుత్వ సొమ్ముతో కాకుండా భక్తుల కానుకలతోనే కట్టాలన్నది మొదటినుంచీ ఉన్న నియమం. ఇప్పుడు ఆ కానుకల్లో పెద్ద వాటా మన టికెట్టుదే. కాబట్టి ధర ఎక్కువని సణుక్కునే ముందు, అది రాయికీ కూలీకీ పోతోందని గుర్తుంచుకోవచ్చు.

అధికారిక సైట్‌లోనే కొనండి. మధ్యవర్తుల సైట్లలో ఇదే టికెట్టు ఎక్కువ ధరకు అమ్ముతారు. సీజన్లో అప్పటికప్పుడు వెళ్తే దొరకదు. టికెట్టు మీద రాసిన టైముకే లోపలికి పంపుతారు. విమానాశ్రయంలో లాగా బ్యాగులు స్కాన్ చేస్తారు కాబట్టి పావుగంట ముందే వెళ్లాలి. యాప్ హోటల్‌లోనే దించుకోండి, ఇయర్‌ఫోన్లు మీవే తెచ్చుకోండి. గైడులో తెలుగు లేదు. లోపల టోపీ తీసెయ్యాలి. మరీ పొట్టి నిక్కర్లు, ఒళ్లు కనిపించే పల్చటి బట్టలు వేసుకుంటే గేటు దగ్గరే ఆపుతారు.

ఏ పూట టికెట్టు కొనాలన్నది అన్నిటికంటే ముఖ్యం, దీన్ని మాత్రం చాలామంది పట్టించుకోరు. జువాన్ విలా-గ్రావు చేసిన రంగుటద్దాలు తూర్పు వైపు నీలం, ఆకుపచ్చ. పడమర వైపు నారింజ, ఎరుపు. పొద్దున వెళ్తే హాలు నీటి అడుగున ఉన్నట్టు చల్లగా ఉంటుంది. సాయంత్రం ఎండ వాలితే స్తంభాలన్నీ నిప్పుకణికల్లా వెలుగుతాయి. మిట్టమధ్యాహ్నం ఈ రెండూ ఉండవు, జనం మాత్రం నిండుగా ఉంటారు. ఒక్కసారే వెళ్లే వీలుంటే ఎండ వాలడానికి గంటన్నర ముందరి టైము తీసుకోండి. లోపల ఎంతసేపైనా ఉండొచ్చు, బయటికొస్తే మాత్రం మళ్లీ రానివ్వరు. మబ్బు రోజున ఈ లెక్కలేవీ పనిచెయ్యవు.

లోపలికి వెళ్లగానే అందరూ తల పైకెత్తుతారు. మధ్య హాలు కప్పు 45 మీటర్ల ఎత్తు, ఎత్తకుండా ఎలా ఉంటారు! అయితే ముందు ఒక స్తంభం పాదం చూడండి. కింద నక్షత్రంలా కోణాలుంటాయి. చూపు కాస్త పైకి జరిపితే ఒక్కో అంచు రెండుగా చీలుతుంది, ఇంకా పైన మళ్లీ చీలుతుంది, చివరికి స్తంభం గుండ్రంగా నున్నగా అయిపోతుంది. ఒకే నక్షత్రాన్ని కుడికి ఒకసారి, ఎడమకు ఒకసారి మెలితిప్పి, రెండు మెలికలకూ ఉమ్మడిగా మిగిలిన రాయినే ఉంచితే ఈ ఆకారం వస్తుంది. స్తంభాలన్నీ ఒకే రాయి కూడా కావు. మోసే బరువును బట్టి మోంజుయిక్ (బార్సిలోనాలోని కొండ) ఇసుకరాయికి ఆరు కోణాలు, గ్రానైటుకు ఎనిమిది, నల్లటి బసాల్టుకు పది. నట్టనడుమ ఎర్రటి పోర్ఫిరీ స్తంభాలకు పన్నెండు, వాటి అడ్డుకొలత 2.1 మీటర్లు. మధ్య గోపురం బరువంతా దిగేది వాటి మీదికే. పైన కొమ్మలుగా చీలి వంగింది అందం కోసమేననుకుంటారు. నిజానికి కప్పు బరువు ఏ దారిన దిగుతుందో ఆ దారినే కొమ్మ వాల్చారు. అందుకే గోథిక్ చర్చిలకు బయట ఉండే ఆనుడు గోడలు దీనికి లేవు.

ఇక మ్యూజియం. టికెట్టులో కలిసే ఉంటుంది, కింది అంతస్తులో. అలసిపోయి దీన్ని వదిలేసి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ, అది పెద్ద పొరపాటు. ఇన్ని తరాలు కట్టడం ఎలా సాధ్యమైందో తెలిసేది ఇక్కడే. ఈ చర్చి రూపం గీసిన వాస్తుశిల్పి ఆంటోని గౌడీ 1883లో పని చేతికి తీసుకున్నాడు. 1926 జూన్ 7న ట్రాము గుద్ది, మూడు రోజులకు చనిపోయాడు. అప్పటికి పూర్తయిన గోపురం ఒక్కటే. 1936 జులైలో అంతర్యుద్ధం మొదలైనప్పుడు నేలమాళిగకు నిప్పు పెట్టారు, పనిశాలలోని గీసిన పటాలు కాలిపోయాయి, ప్లాస్టర్ నమూనాలు ముక్కలు చేశారు. ఆ ముక్కల్నే ఏరి అతికించి పని మళ్లీ మొదలుపెట్టారు. ముక్కల నుంచి మొత్తం ఆకారాన్ని ఎలా రాబట్టగలిగారు? గౌడీ చివరి ఏళ్లలో చేతికి తోచినట్టు గీసే వంపులు మానేసి, సరళరేఖలతో పుట్టే వంపులకే కట్టుబడ్డాడు. గుప్పెడు తిన్నటి పుల్లల్ని కట్టగా పట్టుకుని రెండు కొసలూ ఎదురెదురుగా తిప్పితే నడుము సన్నబడుతుంది చూడండి, కిటికీల ఆకారం అదే. అలాంటి వంపును ముక్క కొలతల నుంచి మళ్లీ లెక్కగట్టొచ్చు, మేస్త్రీ తిన్నటి బద్ద ఆనించి సరిచూసుకుంటూ చెక్కొచ్చు. తర్వాత కంప్యూటర్లు వచ్చినప్పుడు వాస్తుశిల్పి మార్క్ బర్రీ బృందం ఈ లెక్కల్నే వాటికి ఎక్కించింది. గాజు వెనక నమూనాల పనిశాల కనిపిస్తుంది, అక్కడ ఐదు నిమిషాలు నిలబడండి. తాళ్లకు సంచులు వేలాడదీసిన తలకిందుల నమూనా కూడా ఉంటుంది. అది ఈ చర్చిది అనుకుంటారు గానీ, గౌడీ ఆ పద్ధతి వాడింది బార్సిలోనా దగ్గర్లోని కొలోనియా గ్వెల్ చర్చికి.

గోపురం టికెట్టు విషయంలో మా మాట: చాలామందికి ఆ అదనపు పది యూరోలు దండగ. లిఫ్టు పైకే తీసుకెళ్తుంది, దిగేది నడిచే. ఇరుకు మెలికల మెట్లు నత్తగుల్లలో దిగినట్టు ఉంటాయి, కొన్నిచోట్ల లోపలి వైపు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, కళ్లు తిరిగేవాళ్లు వద్దు. అమ్మమ్మనో నాయనమ్మనో వెంట తెచ్చినవాళ్లు అసలే వద్దు. ఆరేళ్ల లోపు పిల్లల్ని రానివ్వరు. బ్యాగు లాకర్లో పెట్టాలి. వానో పెద్ద గాలో వస్తే గోపురాలు మూసేసి ఆ మేరకు డబ్బు తిరిగి ఇస్తారు. పైనుంచి ఊరు కనిపిస్తుంది, నిజమే. కానీ ఊళ్లో అన్నిటికంటే చూడదగ్గ కట్టడం మీ కాళ్ల కిందే ఉండిపోతుంది. తప్పక ఎక్కాలనుకుంటే తూర్పున, క్రీస్తు పుట్టుక కథ చెక్కిన జనన ముఖద్వారం వైపు తీసుకోండి. అది పాత పని, రెండు గోపురాల మధ్య చిన్న వంతెన ఉంటుంది, రాతి చెక్కడం చేతికందే దూరంలో కనిపిస్తుంది.

బయటికొచ్చాక అతుకులు చూడండి. జనన ముఖద్వారం రాయి పొగకూ కాలానికీ ముదురు గోధుమ రంగుకు తిరిగింది. మోంజుయిక్ గని మూతపడ్డాక రాయి బయటినుంచి తేవాల్సి వచ్చింది, ఇంగ్లండులోని లాంకషైర్ నుంచి కూడా. అందుకే నడిమి గోపురాలు పాలిపోయినట్టుంటాయి. వాటిని రాయి మీద రాయి పేర్చి కట్టలేదు. రాళ్లను ఉక్కు కడ్డీలతో బిగించి పలకలుగా తయారుచేసి, క్రేనుతో ఎత్తి కూర్చారు. పాత పద్ధతిలో ఏళ్లు పట్టే ఎత్తు ఇలా త్వరగా లేచింది. 2025 అక్టోబరు 30న మధ్య గోపురం మీద సిలువ మొదటి భాగం ఎక్కించడంతో ఎత్తు 162.91 మీటర్లకు చేరి, అప్పటిదాకా ప్రపంచంలోనే ఎత్తైన చర్చి అయిన జర్మనీలోని ఉల్మ్ చర్చిని దాటింది. అనుకున్న ఎత్తు 172.5.

పడమటి వైపు శిల్పి సుబిరాక్స్ చెక్కిన శిల్పాలు నచ్చనివాళ్లు చాలామంది ఉన్నారు. గౌడీ మెత్తదనం లేదు, ముఖాలన్నీ గొడ్డలితో నరికినట్టుంటాయి. కానీ సిలువ వేసిన కథకు ఆ కటువుదనమే సరిపోయింది. అక్కడ నాలుగు నిలువు, నాలుగు అడ్డం గళ్ల సంఖ్యాచదరం వెతకండి, ఎటు కూడినా 33, క్రీస్తు వయసు. 10, 14 రెండేసి సార్లు వేసి, 12, 16 వదిలేస్తేనే లెక్క కుదిరింది. గణితం వాళ్లు దీన్ని మోసం అంటారు.

మల్లోర్కా వీధి వైపున్న కీర్తి ముఖద్వారమే అసలు వాకిలి, ఇంకా పూర్తి కాలేదు. దాని ముందు పెద్ద మెట్ల వరుస కట్టాలంటే ఎదురుగా ఉన్న ఇళ్లు పోవాలి, ఆ ఇళ్లవాళ్లు ఒప్పుకోరు. కాగితాల కథ కూడా తక్కువేం కాదు. 1885 నాటి అర్జీ మీదే నడిచిన కట్టడానికి నగరపాలక సంస్థ అనుమతి వచ్చింది 2019లో. గౌడీ చనిపోయి వందేళ్లయ్యే 2026కల్లా పూర్తి చేస్తామన్నారు. 2020లో కోవిడ్‌తో టికెట్లూ పనీ ఒకేసారి ఆగిపోయి ఆ మాట చెల్లలేదు. ఈ వైపు కంచు తలుపుల్ని లోపలినుంచి చూడొచ్చు. వాటి మీద కతలాన్ భాషలో ప్రభువు ప్రార్థన ఉంటుంది. అందులో గౌడీ పొడి అక్షరాలు రెండూ తలుపు పిడులు. ముట్టుకునే చేతులు రుద్దీ రుద్దీ ఆ రెండే బంగారంలా మెరుస్తున్నాయి.

టికెట్టు దొరకలేదా? ఆదివారం పొద్దున తొమ్మిదింటికి జరిగే ప్రార్థనకు డబ్బు తీసుకోరు, ముందు వచ్చినవాళ్లకు ముందు చోటు. బాగా పెందలాడే వెళ్లి వరుసలో నిలబడాలి. ప్రార్థనకు కూర్చునే ఓపిక ఉంటేనే వెళ్లండి, మధ్యలో లేచి ఫొటోలు తీస్తే ఊరుకోరు. గౌడీ సమాధి ఉన్న నేలమాళిగలో ఊరి జనం కోసం ప్రార్థనలు వేరుగా జరుగుతాయి, ఆ వేళల్లో అక్కడికి ఎవరైనా దిగొచ్చు.